పాత గార్డెన్ ట్రాక్టర్‌ను మళ్ళీ పనిలో పెట్టడం: మెయింటెనెన్స్ నుంచి ఇంజన్ మార్పిడి దాకా

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో తెచ్చిన కబ్ కాడెట్, జాన్ డీర్ 1963లో తెచ్చిన 110, ఆ కాలపు వీల్ హార్స్, సింప్లిసిటీ, బోలెన్స్ బళ్ళు చూస్తే ఒక విషయం వెంటనే అర్థమవుతుంది. అవి గడ్డి కోయడానికి మాత్రమే చేసినవి కావు. మందపాటి ఉక్కు ఫ్రేము, పోత ఇనుప గేర్‌బాక్సు, చిన్న నాగలి కట్టినా తట్టుకునే వెనక ఇరుసు ఉంటాయి. ఇలాంటి బండి మూలన పడిందంటే చాలాసార్లు కారణం ఇంజనే. మిగతా బండి ఇంకో తరం నడవడానికి సిద్ధంగానే ఉంటుంది.

అందుకే చాలామంది నేరుగా కొత్త ఇంజన్ కొనేస్తారు. నేను మాత్రం రెండు పనులు ముందు చేయమంటాను. పాత ఇంజన్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. పోయిందని తేలితే, కొత్తది కొనేముందే కొలతలన్నీ కాగితం మీద పెట్టండి. బిగించే పని కష్టమేమీ కాదు, కొలత తప్పితేనే తిప్పలు.

కడిగి, విప్పి, చూడండి

బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయండి. స్పార్క్ ప్లగ్ క్యాప్ లాగి పక్కకు కట్టండి. బండి మీద పేరుకున్న జిడ్డు, గడ్డి, మట్టి శుభ్రం చేయండి. మురికి కింద ఏ సీల్ కారుతోందో, ఏ బోల్టు లేదో, ఫ్రేము ఎక్కడ పగిలిందో కడిగాకే కనిపిస్తాయి. ఫ్రేములో ఇంజన్ కూర్చునే చోట, ముందు ఇరుసు కదిలే పిన్ను చుట్టూ ప్రత్యేకంగా చూడండి. అక్కడ పగుళ్ళు ఉంటే వెల్డింగ్ ఇప్పుడే చేయించాలి, కొత్త ఇంజన్ ఎక్కించాక కాదు.

తర్వాత ఇంజన్ చుట్టూ ఉన్న రేకు కవర్లు విప్పండి. గాలితో చల్లబడే ఇంజన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సిలిండర్ రెక్కల మధ్య ఎండిన గడ్డి, ఎలుక గూళ్ళు గట్టిగా బిగుసుకుపోయి ఉంటాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఫ్లైవీల్ (క్రాంక్‌షాఫ్ట్ చివర తిరిగే బరువైన చక్రం) విసిరే గాలి రెక్కల్లోకి పోక, ఇంజన్ లోలోపలే ఉడికిపోతుంది. ఏటా ఒకసారి ఆ రేకులు విప్పి శుభ్రం చేసే బండి, ఎప్పుడూ విప్పని బండి కంటే ఎన్నో ఏళ్ళు ఎక్కువ నడుస్తుంది.

ఇంజన్ నిజంగా పోయిందా?

ఆ కాలపు గార్డెన్ ట్రాక్టర్లలో బాగా కనిపించేది కోహ్లర్ కే సిరీస్. పోత ఇనుముతో చేసిన ఒంటి సిలిండర్ ఇంజన్. కే181 అంటే 8 హార్స్‌పవర్, కే241 అంటే 10, కే301 అంటే 12, కే321 అంటే 14, కే341 అంటే 16. కింద చెప్పే కొలతలు కే241 నుంచి కే341 దాకా ఉన్న ఇంజన్లవి. మీది వేరే ఇంజన్ అయితే దాని మాన్యువల్ చూడండి. పరీక్షించే పద్ధతి మాత్రం అన్నింటికీ ఒకటే.

మొదట స్పార్క్. ప్లగ్ విప్పి, క్యాప్ తగిలించి, దాని లోహపు భాగం ఇంజన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టండి. దగ్గరలో పెట్రోల్ ఏమీ లేకుండా చూసుకోండి. స్పార్క్ పసుపు రంగులో బలహీనంగా వస్తున్నా, అసలు రాకపోయినా, ముందు అనుమానించాల్సింది పాయింట్లను, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్‌ను. కే సిరీస్‌లో పాయింట్లు ఫ్లైవీల్ కింద కాకుండా, బ్లాక్ పక్కన చిన్న రేకు మూత కింద ఉంటాయి. అది చాలా మంచి ఏర్పాటు. రెండు స్క్రూలు విప్పితే చేతికి అందుతాయి. నల్లగా కాలిపోయి ఉంటే మార్చేయండి, కండెన్సర్ కూడా కలిపి మార్చండి. గ్యాప్ 0.020 అంగుళాలు, అంటే సుమారు 0.5 మి.మీ. ఫీలర్ గేజ్ పెట్టి లాగితే ఒరుసుకుంటూ రావాలి, ఇరుక్కుపోకూడదు. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోటికి ఇంజన్ తిప్పి కొలవండి. సగం తెరుచుకున్నప్పుడు పెట్టిన గ్యాప్ ఎందుకూ పనికిరాదు.

తర్వాత పెట్రోల్. ఏళ్ళ తరబడి నిలవున్న పెట్రోల్ కార్బురేటర్ లోపల లక్కలా గడ్డకడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే నీటిని పట్టుకుని తొట్టిలో తుప్పు కూడా రేపుతుంది. కార్బురేటర్ విప్పి, జెట్ రంధ్రాలను క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయండి. ఇనుప తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదైతే మళ్ళీ సరికాదు. ఫ్లోట్ కింది సూది, దాని సీటు, గ్యాస్కెట్లు కొత్తవి వేయండి. పెట్రోల్ పైపు, ఫిల్టర్ మార్చేయండి. పాత రబ్బరు పైపు పైకి బాగానే కనిపించినా లోపల పొరలు పొరలుగా ఊడి, ఆ ముక్కలే కార్బురేటర్‌ను మూసేస్తుంటాయి.

ఇక కంప్రెషన్. చాలామంది గేజ్ పెట్టి, రీడింగ్ తక్కువ చూపించగానే "ఇంజన్ బోరుకొచ్చింది" అని తీర్పు చెప్పేస్తారు. కే సిరీస్‌లో చాలావాటికి సెల్ఫ్ తేలిగ్గా తిరగడానికి ఆటోమేటిక్ కంప్రెషన్ రిలీజ్ ఉంటుంది. ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వును అది కాస్త తెరిచి ఉంచుతుంది. గేజ్‌లో తక్కువ రావడం అక్కడ మామూలే. నమ్మదగ్గ పరీక్ష ఇంకొకటి ఉంది. ప్లగ్ బిగించి, వైరు మాత్రం తీసేసి, ఫ్లైవీల్‌ను చేత్తో అది తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా గట్టిగా తిప్పండి. కంప్రెషన్ ఉంటే ఫ్లైవీల్ మీ చేతిని వెనక్కి తన్నినట్టు తిరిగొస్తుంది. మెత్తగా జారిపోతే కంప్రెషన్ లేదన్నమాట.

లేదని తేలితే అది ఎటు పోతోందో చూడాలి. పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట క్రాంక్‌షాఫ్ట్ కదలకుండా పట్టించి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పుల్ల పెట్టే గొట్టంలోంచి వస్తే రింగులు. వాల్వు సమస్యకు వెంటనే బెంగపడనక్కర్లేదు. వాల్వు గ్యాప్ తగ్గిపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇలాగే ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.008 నుంచి 0.010 అంగుళాలు, ఎగ్జాస్ట్ 0.017 నుంచి 0.020 అంగుళాలు ఉండాలి. గ్యాప్ సరిచేస్తేనే, లేదా వాల్వులు గ్రైండ్ చేయిస్తేనే దారికొచ్చే ఇంజన్లు బోలెడు.

నీలం పొగ వస్తోందంటే రింగులు అనుకోవడం సహజం. కానీ ముందు బ్రీదర్ చూడండి. క్రాంక్‌కేసులో గాలిని ఒకే దిక్కుకు వదిలే పల్చటి రేకు వాల్వు అందులో ఉంటుంది. అది వంగినా, మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటికి వస్తుంది. బ్రీదర్ విప్పి శుభ్రం చేయడానికి గంట కూడా పట్టదు.

ఇవన్నీ చూశాక కూడా రింగుల్లోంచి గాలి పోతున్నా, కనెక్టింగ్ రాడ్ టకటకమంటున్నా, అప్పుడు ఇంజన్ విప్పాల్సిందే. బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయొచ్చు, 0.010, 0.020, 0.030 అంగుళాల సైజులు ఉంటాయి. విప్పినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. పెద్ద కే సిరీస్ ఇంజన్లు కొన్నింటిలో కంపనం తగ్గించడానికి బ్యాలెన్స్ గేర్లు ఉంటాయి. వాటి బేరింగ్ అరిగి గేర్ విరిగితే బ్లాక్ పగిలిపోతుంది. అందుకే రీబిల్డ్ చేసే చాలామంది వాటిని తీసి పక్కన పెడతారు. కాస్త ఎక్కువ వణికినా ఫర్వాలేదు, నేనైతే తీసేయమనే అంటాను.

బ్లాక్ పగిలినా, క్రాంక్‌షాఫ్ట్ పాడైనా, విడిభాగాలు దొరక్కపోయినా మార్పిడే దారి. ఒరిజినల్ బండిగా ఉంచుకోవాలనుకుంటే రీబిల్డ్, రోజూ పనిచేయించాలంటే కొత్త ఇంజన్. ఇది నా అభిప్రాయం.

ఇంజన్ కాక మిగతా బండి

కొత్త ఇంజన్ పెట్టాక పాత గేర్‌బాక్సు పోతే ఆ బాధ మామూలుగా ఉండదు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకముందే గేర్‌బాక్సు ఆయిల్ కొంచెం వదిలి చూడండి. తెల్లగా పాల రంగులో ఉంటే నీళ్ళు చేరాయి, ఎక్కువగా గేర్ రాడ్ దగ్గరి రబ్బరు తొడుగు చిరిగిపోయి దిగినవే. ఆయిల్ మొత్తం తీసి, కొత్తది పోసి, కాసేపు నడిపి మళ్ళీ మార్చండి. లోహపు ముక్కలు కనబడితే విప్పి చూడాలి.

హైడ్రోస్టాటిక్ బండి (గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో నడిచేది) అయితే ఇంకా జాగ్రత్త. ఒక్కో కంపెనీ ఒక్కో ఆయిల్ చెబుతుంది, ఒకదానిలో ఇంజన్ ఆయిల్ పోస్తే ఇంకోదానిలో ప్రత్యేకమైన హైడ్రాలిక్ ఆయిల్ పోయాలి. "ఏదో ఒక ఆయిల్ లే" అని కలిపేయకండి. పంపు మీది ఫ్యాను, రెక్కలు శుభ్రంగా ఉండాలి. ఫిల్టర్ ఉంటే మార్చండి.

ముందు చక్రాల బుష్‌లు, స్టీరింగ్ జాయింట్లు, ఇరుసు పిన్ను, వీటన్నింటికీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించండి. ఐడ్లర్ పుల్లీలను (బెల్టును బిగువుగా పట్టి ఉంచేవి) చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే బేరింగ్ పోయినట్టే. గడ్డి కోసే డెక్‌లో బ్లేడ్లు తిరిగే స్పిండిల్స్‌కీ అదే పరీక్ష. బ్రేకు సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను. వాలులో ఆగని బండికి కొత్త ఇంజన్ ఎందుకు?

కొనేముందు కొలతలు

అన్నింటికంటే ముందు షాఫ్ట్ దిక్కు. పాత గార్డెన్ ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి క్రాంక్‌షాఫ్ట్ అడ్డంగా ఉంటుంది. ఇప్పటి లాన్ ట్రాక్టర్లలో నిలువుగా కిందికి ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి కుదరదు. అలాంటి లాన్ ట్రాక్టర్ నుంచి మంచి ఇంజన్ చవగ్గా దొరికినా ఆశపడకండి.

రెండోది సైజు. హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూడకండి, సీసీ చూడండి. కే241 సుమారు 391 సీసీ. హోండా జీఎక్స్390 అంటే 389 సీసీ, దాని నెట్ పవర్ 3600 ఆర్‌పీఎం దగ్గర 11.7 హార్స్‌పవర్. అంటే శక్తిలో ఆ ఇంజన్ కే241 చోట సరిగ్గా సరిపోతుంది. కే301 సుమారు 477 సీసీ, కే341 సుమారు 588 సీసీ. వీటి చోట చిన్న ఒంటి సిలిండర్ పెడితే గడ్డి కోయడానికి సరిపోవచ్చు, దున్నేటప్పుడు మాత్రం బరువైన పాత ఫ్లైవీల్ లేని లోటు తెలుస్తుంది. అక్కడ రెండు సిలిండర్ల వీ-ట్విన్ మంచిది. అలాగని 8 హార్స్‌పవర్ బండికి 22 హార్స్‌పవర్ ఇంజన్ ఎక్కించకండి. ఆ శక్తిని నేలకు చేర్చాల్సింది గేర్‌బాక్సు, ఇరుసు కదా. అవి పాతవే.

మూడోది తిరిగే దిక్కు. షాఫ్ట్ బయటికి వచ్చే వైపు నిలబడి చూస్తే, కే సిరీసూ, ఇప్పటి మామూలు ఇంజన్లూ గడియారం ముళ్ళకు వ్యతిరేకంగా తిరుగుతాయి. బెల్టుతో నడిచే బండిలో కొత్త ఇంజన్ షాఫ్ట్‌ను పాతది ఉన్న వైపే పెడితే సమస్య లేదు. డ్రైవ్ షాఫ్ట్‌తో నేరుగా నడిచే కబ్ కాడెట్ బళ్ళు మాత్రం వేరు. వాటిలో ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య బెల్టు లేదు, ఫ్లైవీల్ వెనక్కి, మీ వైపు ఉంటుంది. డ్రైవ్ షాఫ్ట్ ఆ ఫ్లైవీల్ నుంచే బయల్దేరి గేర్‌బాక్సుకు పోతుంది. డెక్ నడిపే పీటీవో (పవర్ టేక్-ఆఫ్, ఇంజన్ శక్తిని పనిముట్లకు అందించే భాగం) క్లచ్ ఇంజన్ ముందు వైపున ఉంటుంది. కొత్త ఇంజన్ షాఫ్ట్‌ను వెనక్కి తిప్పి డ్రైవ్ షాఫ్ట్‌కు కలిపారనుకోండి, దిక్కు మారిపోతుంది. ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి ఉన్న బండి, ముందుకు ఒకటి, వెనక్కి మూడు అవుతుంది. హైడ్రోస్టాటిక్ బండి అయితే దానికి ఆయిల్ అందించే చార్జ్ పంపు వ్యతిరేక దిక్కులో పనిచేయకపోవచ్చు. అందుకే ఈ బళ్ళకు కొత్త ఇంజన్ ఫ్లైవీల్‌కు అడాప్టర్ బిగించి, అక్కడి నుంచే నడపాలి. అడాప్టర్ దొరుకుతుందో లేదో చూసుకున్నాకే ఇంజన్ కొనండి.

నాలుగోది షాఫ్ట్ లావు, పొడవు, ఎత్తు. చాలా 13 హార్స్‌పవర్ తరగతి ఇంజన్ల షాఫ్ట్ 1 అంగుళం లావు, 1/4 అంగుళం కీ. పాత పుల్లీ రంధ్రం 1-1/8 అంగుళం ఉంటే స్లీవ్ వేయాలి, లేదా కొత్త పుల్లీ కొనాలి. స్లీవ్ వేస్తే మెట్టు ఉన్న కీ కూడా తప్పనిసరి. షాఫ్ట్ ఎత్తు అంటే ఇంజన్ అడుగు నుంచి షాఫ్ట్ మధ్య దాకా దూరం. జీఎక్స్390లో అది 132 మి.మీ. పాత ఇంజన్‌లో ఎంతో కొలవండి. ఆ తేడాయే మీరు వేయాల్సిన ప్లేటు మందం. కొత్తది పాతదానికంటే ఎత్తుగా ఉంటే ప్లేటు వేసి లాభం లేదు, ఫ్రేమునే మార్చాలి.

చివరగా బానెట్ మూసుకుంటుందా, సైలెన్సర్ ఎటు వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ స్టీరింగ్ రాడ్‌కు తగులుతుందా చూడండి. ఇంజన్ కొలతల ప్రకారం అట్టపెట్టె కోసి ఫ్రేములో పెట్టి చూస్తే అన్నీ ఒక్క చూపులో తెలిసిపోతాయి.

పాతది దించడం, కొత్తది కూర్చోబెట్టడం

విప్పే ప్రతి వైరుకూ టేపు అంటించి పేరు రాయండి. ఫోటోలు అన్ని వైపుల నుంచీ తీయండి. పాత పుల్లీ రాకపోతే సుత్తి ఎత్తకండి. తుప్పు వదిలే నూనె పోసి ఒక రాత్రి వదిలేసి, పుల్లర్ వేసి లాగండి. ఆ పుల్లీయే మీరు మళ్ళీ వాడొచ్చు, వంకరపోతే బెల్టు నిలవదు.

అడాప్టర్ ప్లేటుకు ముందు కొలిచిన ఎత్తు తేడాకు సరిపడే మందమున్న ఉక్కు రేకు తీసుకోండి. చెక్క, అల్యూమినియం ముక్కలు పెట్టకండి, కంపనానికి నిలవవు. ప్లేటులో ఇంజన్ బోల్టుల రంధ్రాలను గుండ్రంగా కాకుండా పొడుగ్గా కోయించండి. పుల్లీని ముందుకీ వెనక్కీ జరిపి బెల్టు వరస సరిచేయడానికి ఆ సందే ఆధారం. రెండు పుల్లీల ముఖాలకూ నిటారైన ఇనుప పట్టీ ఆనించి చూడండి, నాలుగు చోట్లా తాకాలి. ఒక పక్క వెలుతురు కనబడితే ఇంజన్ కొద్దిగా జరపండి. బోల్టులు 8.8 గ్రేడువి, లాక్ వాషర్లతో. షాఫ్ట్‌కు సన్నగా యాంటీ సీజ్ (తుప్పుతో పట్టేయకుండా ఉంచే పేస్టు) పూసి పుల్లీ ఎక్కించండి, వచ్చేసారి తీసేవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.

పాత పుల్లీ సైజే ఉంచండి. పాత ఇంజనూ కొత్తదీ గరిష్ఠంగా 3600 ఆర్‌పీఎం తిరుగుతాయి కాబట్టి డెక్ వేగం మారదు. పెద్ద పుల్లీ వేస్తే బ్లేడు కొస వేగం పెరిగిపోతుంది. అమెరికా ప్రమాణాల్లో దానికి పరిమితి నిమిషానికి 19,000 అడుగులు. అది దాటితే బ్లేడు విరిగినా, రాయి ఎగిరినా ప్రాణం మీదికొస్తుంది. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగ్ ముట్టుకోకండి.

వైరింగ్: ఇక్కడ తొందరపడొద్దు

పాత కే సిరీస్ బళ్ళలో చాలావాటికి బ్యాటరీ ఇగ్నిషన్. తాళం ఆన్ చేస్తే స్విచ్ నుంచి కాయిల్‌కు 12 వోల్టులు వెళ్తాయి. కొత్త ఇంజన్లలో మాగ్నెటో ఇగ్నిషన్. దానికి బయటి కరెంటే అక్కర్లేదు. ఆపడానికి కిల్ వైరును ఎర్త్ చేస్తారు, అంతే. అంటే రెండు స్విచ్‌లూ ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. పాతది ఆన్‌లో కరెంటు ఇస్తుంది, కొత్తదానికి ఆఫ్‌లో ఎర్త్ ఇవ్వాలి. పాత స్విచ్‌లోని కాయిల్ వైరు తెచ్చి కొత్త ఇంజన్ కిల్ వైరుకు కలిపితే 12 వోల్టులు నేరుగా మాగ్నెటో కాయిల్‌లోకి పోతాయి, తాళం తిప్పిన మొదటిసారే కాయిల్ మాడిపోతుంది. కాబట్టి మాగ్నెటో రకం తాళం స్విచ్ కొనండి. కలిపేముందు మల్టీమీటర్ పెట్టి, కిల్ వైరుకు వచ్చే తీగలో ఆన్, ఆఫ్, స్టార్ట్ మూడింటిలోనూ వోల్టేజీ సున్నా ఉందని చూసుకోండి. ఆఫ్‌లో ఉన్నప్పుడు మాత్రం అది ఎర్త్‌కు కలవాలి.

కార్బురేటర్ కింద పెట్రోల్ ఆపే సోలెనాయిడ్ ఉంటే దానికి మాత్రం ఆన్‌లో 12 వోల్టులు కావాలి. ఇది వేరే తీగ, కలగలపకండి.

పాత బండికి స్టార్టర్-జనరేటర్ (సెల్ఫ్‌గానూ, బ్యాటరీ చార్జ్ చేయడానికీ పనికొచ్చే ఒకే మోటారు) ఉంటే, అది, దాని బెల్టు, రెగ్యులేటర్ పెట్టె మూడూ ఇక అక్కర్లేదు. కొత్త ఇంజన్‌కు సెల్ఫూ, ఫ్లైవీల్ కింద చార్జింగ్ కాయిలూ ఉంటాయి. ఆ కాయిల్ ఎన్ని ఆంపియర్లదో కొనేముందే అడగండి. కొన్నింటిలో 3 ఆంపియర్లే వస్తాయి. విద్యుత్ పీటీవో క్లచ్ ఒక్కటే 4 ఆంపియర్ల దాకా లాగుతుంది, లైట్లు అదనం. గడ్డి కోస్తూ ఉండగానే బ్యాటరీ దిగిపోయి క్లచ్ జారుతుంది. అలాంటి బండికి 15 ఆంపియర్లు, ఆపైన ఇచ్చే కాయిల్, రెగ్యులేటర్ ఉన్న ఇంజనే తీసుకోవాలి.

సీటు స్విచ్, పీటీవో స్విచ్, క్లచ్ స్విచ్, బండికి ఏవి ఉంటే వాటిని కొత్త వైరింగ్‌లో కూడా కలపండి. తీగలు ముడేసి వాటిని తప్పించే అలవాటు చాలా చోట్ల ఉంది. మనిషి సీటు మీంచి పడ్డాక బ్లేడు తిరుగుతూనే ఉండే బండి మీ ఇంట్లోవాళ్ళు ఎక్కేది కాకూడదు. ప్రధాన తీగకు ఫ్యూజు తప్పనిసరి.

గాలి, వేడి, మొదటి స్టార్ట్

ఇంజన్ ఫ్లైవీల్ వైపు గాలి పీల్చుకునే చోటు మూసుకోకూడదు. సైలెన్సర్ వేడి గాలి మళ్ళీ అక్కడికే చేరకుండా రేకు అడ్డం పెట్టండి. సైలెన్సర్‌కూ పెట్రోల్ తొట్టికీ, పైపులకూ దూరం ఉండాలి, దగ్గరైతే మధ్యలో హీట్ షీల్డ్ వేయాలి. చోక్, ఎక్సలేటర్ కేబుళ్ళు రెండు చివరలా పూర్తిగా కదులుతున్నాయో చూడండి. చోక్ సగంలో ఆగితే కొత్త ఇంజన్ మీదే అనుమానం వస్తుంది.

కొత్త ఇంజన్లు చాలావరకు ఆయిల్ లేకుండా వస్తాయి. సమతలం మీద పెట్టి మాన్యువల్ చెప్పినంత పోయండి. ఆయిల్ తగ్గితే ఆగిపోయే స్విచ్ ఉన్న ఇంజన్ వాలులో హఠాత్తుగా ఆగితే, ముందు ఆయిల్ మట్టం చూడండి.

మొదటిసారి షెడ్డు బయటే స్టార్ట్ చేయండి, మూసిన గదిలో ఎగ్జాస్ట్ పొగ ప్రాణాంతకం. వెనక చక్రాలు నేలకు తగలకుండా స్టాండ్ల మీద లేపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ముందుకూ వెనక్కూ గేరు వేసి చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూడండి. తాళంతో ఇంజన్ ఆగుతోందా? సీటు స్విచ్ పనిచేస్తోందా? బ్యాటరీ దగ్గర వోల్టేజీ 13.5 నుంచి 14.5 మధ్య ఉందా? ఇవి సరైతేనే నేల మీదికి దించండి.

మొదటి కొన్ని గంటలు తేలికపాటి పనే చేయించండి, వేగం మారుస్తూ ఉండండి. తయారీదారు మొదటి ఆయిల్ మార్పు ఎప్పుడు చెబితే అప్పుడు, చాలా ఇంజన్లకు 5 నుంచి 20 గంటల మధ్య, మార్చేయండి. అదే సమయంలో ప్లేటు బోల్టులు, పుల్లీ బోల్టు, సైలెన్సర్ నట్లు మళ్ళీ బిగించండి. కొత్త బెల్టు కొంచెం సాగి ఉంటుంది, దాన్నీ సర్దండి. పాత ఇంజన్ తుక్కుకు వేయకండి. దాని కార్బురేటర్, పాయింట్ల మూత, రేకులు వెతికేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ప్లగ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, చేత్తో ఒకసారి తిప్పి, రంధ్రాలన్నీ మూసి పొడిచోట పెట్టండి.